రాతి మీద కొడిసె

హజారీప్రసాద్ ద్వివేదీ 'కుటజ్' వ్యాసాన్ని ప్రకృతి వర్ణనగా మెచ్చుకోవడం పరిపాటి. చరిత్రలో నిలిపి చదివితే అది వేరుగా పలుకుతుంది. 1960లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఆయనను ఉద్యోగంలోంచి తొలగించింది. ఆయన చండీగఢ్ చేరారు. శివాలిక్ కొండలు అక్కడికి కనిపించేవే. 1964 నాటి సంపుటంలోని ఈ చెట్టు (మన కొడిసే, గిరిమల్లిక అన్నా అదే) ఆ కొండల ఎండురాళ్లను చీల్చుకుని నీరు తాగుతుంది, ఎవరి ప్రాపకమూ కోరదు. మేఘసందేశంలో యక్షుడి అర్ఘ్యానికి పనికొచ్చిన పూవును బతుకుపోరుకు ప్రతీకగా నిలపడం ద్వివేదీ ఘనత. అయితే చివరకు ఆయన జనకుణ్ణి ఆదర్శంగా చూపి, మనసును జయించడమే దారి అంటారు. తన ఒక్కదాని కోసమే నీరు వెతుక్కునే చెట్టు పదిమందితో కలిసి బతికే మనిషికి ఎంతవరకు ఆదర్శమో వ్యాసం విచారించదు.