పాత కారుకు బ్రేకు ప్యాడ్లు: ఆస్బెస్టాస్ వదిలిన ఖాళీ

మోటారు కారులో అరిగిపోవడానికే తయారయ్యే భాగాలు కొన్నే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది బ్రేకుల్లోని రాపిడి పదార్థం. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని, అంటే డిస్కును, రెండు పక్కల నుంచి నొక్కిపట్టే పలకలను ప్యాడ్లంటారు. డిస్కుకు బదులు గుండ్రటి ఇనుప డొల్ల, అంటే డ్రమ్ము, ఉన్న బండ్లలో దాన్ని లోపలి నుంచి బయటికి ఒత్తే అర్ధచంద్రాకారపు బద్దను షూ అనీ, దాని వెన్ను మీద బిగించే రాపిడి పట్టీని లైనింగు అనీ అంటారు. డిస్కులు, డ్రమ్ములు, పెడలు మీది పాదం బలాన్ని నూనె ద్వారా చక్రాలకు చేర్చే సిలిండర్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ప్యాడ్లు, లైనింగులు మాత్రం అరిగినప్పుడల్లా మారుతుంటాయి. అయితే బండికి రూపకల్పన చేసినవారు సిలిండరు వ్యాసాన్నీ, పెడలు పొడవునూ, ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలం పంపకాన్నీ ఒక నిర్దిష్టమైన రాపిడి పదార్థాన్ని మనసులో ఉంచుకునే లెక్కకట్టారు. 1970ల వరకు వచ్చిన కార్లలో అధిక భాగానికి ఆ పదార్థం ఆస్బెస్టాస్. ఈనాడు అనేక దేశాల్లో దాన్ని అమ్మడమే నేరం. కాబట్టి పాత కారు యజమాని దుకాణంలో ప్యాడ్లు ఎంచుకుంటున్నప్పుడు, తెలిసినా తెలియకపోయినా, చట్టం తొలగించిన ఒక పదార్థానికి సరిజోడును వెతుకుతున్నట్టే.

ఆస్బెస్టాస్‌కు ముందున్న కాలం చిన్నదే గాని అది లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. గుర్రపు బండ్ల చక్రాల మీద చెక్క దిమ్మెను ఒత్తి ఆపే పద్ధతినే తొలినాటి మోటారు బండ్లు అరువు తెచ్చుకున్నాయి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన మూడు చక్రాల బండిని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నడిపినప్పుడు, దిగుడు దారుల్లో చెక్క దిమ్మెలు అరిగిపోతుంటే, దారిలో ఒక చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. అరిగే పొరను విడిగా వేసి, అరిగాక దాన్ని మాత్రమే మార్చడమనే ఆలోచనకు తొలి ఉదాహరణగా చరిత్రకారులు దీన్నే చూపిస్తారు. ఇంగ్లండులోని డర్బీషైర్ కొండ దారుల్లో బండ్లు తోలేవాళ్లు బ్రేకు దిమ్మెకూ చక్రానికీ మధ్య పాత బూట్లు తొడగడం గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్, 1897లో నూలు పట్టీలను జిగురు పదార్థాల్లో నానబెట్టి బ్రేకు దిమ్మెలు చేయడం మొదలుపెట్టాడు. చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ అనే ఊళ్లో ఆయన నెలకొల్పిన ఫెరోడో సంస్థ తర్వాత ఈ రంగమంతటికీ పెద్దదయింది. నూలుకున్న లోపం ఒక్కటే: సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితే అది మాడుతుంది. కార్ల బరువూ వేగమూ పెరిగేకొద్దీ ఆ హద్దు మరీ దగ్గరగా కనిపించసాగింది. 1908 నాటికి ఫ్రూడ్ ఆస్బెస్టాస్ వైపు తిరిగాడు.

ఆస్బెస్టాస్ అనేది నారలుగా విడివడే ఖనిజాలకు ఉమ్మడి పేరు. బ్రేకుల్లో వాడింది ఎక్కువగా క్రిసోటైల్ అనే తెల్లని రకం, రసాయనికంగా నీటి అంశతో కూడిన మెగ్నీషియం సిలికేటు. రాతిలో పుట్టినా పత్తిలా వడికి నేయడానికి వీలవడం, నిప్పుకు లొంగకపోవడం, చవకగా దొరకడం అనే మూడు గుణాలు ఒకే పదార్థంలో కలవడం అరుదు. మొదట ఇత్తడి తీగతో కలిపి దాన్ని పట్టీగా నేసేవారు. బేక్లాండ్ 1907లో కనిపెట్టిన ఫినాలిక్ రెసిన్, అంటే వేడికి కరగకుండా మరింత గట్టిపడే కృత్రిమ జిగురు, అందుబాటులోకి వచ్చాక నారను, జిగురును, పొడులను కలిపి అచ్చులో వేడిగా ఒత్తే పద్ధతి స్థిరపడింది. అలా వచ్చిన లైనింగు చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పట్టేది, కీచుమనేది కాదు, డ్రమ్మును పెద్దగా తినేసేది కాదు. దాని ఘర్షణ గుణకం, అంటే ఒత్తిడిలో ఎంత వంతు అడ్డుబలంగా మారుతుందో చెప్పే అంకె, సాధారణంగా 0.4 పరిసరాల్లో ఉండేది. మూడు తరాల ఇంజనీర్లు ఈ అంకెను ప్రకృతి నియమమన్నంత నమ్మకంతో లెక్కల్లో వాడుకున్నారు.

డిస్కు బ్రేకు ఆలోచనకు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నా, అది రోడ్డు మీద నిలదొక్కుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1953 లె మాన్స్ పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ గెలవడంతో అనుమానాలు తొలగాయి. 1955లో సిట్రోయెన్ డీఎస్, 1956లో ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు డిస్కులతో అమ్మకానికి వచ్చాయి. ప్యాడు ఎంపికకు సంబంధించి ఈ మార్పులో గుర్తించవలసిన విషయం ఒకటుంది. డ్రమ్ములో తిరిగే డొల్ల తన వేగంతోనే ముందు షూను తనవైపు లాక్కుని మరింత గట్టిగా ఒత్తుకుంటుంది కాబట్టి తక్కువ పాదబలంతోనే బండి ఆగుతుంది. దీన్ని స్వయం బలవర్ధనం అంటారు. అందువల్లనే లైనింగు ఘర్షణ గుణకంలో కొద్దిపాటి తేడా వచ్చినా డ్రమ్ములో అది ఎన్నో రెట్లుగా బయటపడుతుంది, కుడి ఎడమల మధ్య తేడా ఉంటే బండి ఒక పక్కకు గుంజుతుంది. డిస్కులో ఈ లాక్కోవడం లేదు: గుణకం ఎంత తగ్గితే పాదం అంత ఎక్కువగా నొక్కాలి, అంతే. 0.4 గుణకమున్న ప్యాడు స్థానంలో 0.3 ఉన్నది బిగిస్తే అదే దూరంలో బండి ఆగడానికి మూడో వంతు ఎక్కువ బలం కావాలి. ఇంజను పీల్చే గాలి శక్తితో పాదానికి సాయం చేసే సర్వో పరికరం లేని పాత బండిలో ఈ మూడో వంతును నడిపేవారి కాలు తప్పక గుర్తిస్తుంది.

ఆస్బెస్టాస్ చేసిన హానిని గుర్తించడంలో జరిగిన ఆలస్యం, బ్రేకుల చరిత్రలోనే కాదు, పారిశ్రామిక వైద్య చరిత్రలోనూ మచ్చగా మిగిలింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్ ఫ్యాక్టరీలో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో ఊపిరితిత్తుల మచ్చల జబ్బుతో మరణించిన విషయం వైద్య పత్రికకెక్కింది. 1931లో బ్రిటన్ దుమ్ము నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 1955లో రిచర్డ్ డాల్ ఆస్బెస్టాస్ కార్మికులకూ ఊపిరితిత్తుల కేన్సరుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపాడు. ఇంత తెలిసిన తర్వాత కూడా మరో రెండు మూడు దశాబ్దాల పాటు గ్యారేజీల్లో డ్రమ్ము విప్పి, లోపలి దుమ్మును గాలి గొట్టంతో ఊదేయడం మామూలు అలవాటుగానే సాగింది. రాపిడి వేడికి నారలో అత్యధిక భాగం మరో ఖనిజంగా మారిపోతుందన్నది నిజమే అయినా, మారకుండా మిగిలే కొద్ది భాగమూ, కొత్త లైనింగును అరగదీసేటప్పుడు లేచే పచ్చి దుమ్మూ మెకానిక్కు పీల్చే గాలిలోకే చేరేవి. ఇది తెలుగు నేలకు దూరపు కథ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, వేంపల్లె సున్నపురాళ్లకూ వాటిలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలలకూ నడుమ, మంచి రకం క్రిసోటైల్ దొరికేది. 1986లో భారత ప్రభుత్వం ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులు నిలిపివేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించి, వారి ఆరోగ్య వివరాలను 40 ఏళ్ల పాటు భద్రపరచాలని ఆదేశించింది. ఆ తీర్పు రాసింది తెలుగువాడైన న్యాయమూర్తి కె. రామస్వామి.

నిషేధాలు ఒకే రోజున రాలేదు, ఒకే తీరుగానూ రాలేదు. బ్రిటన్ 1999లో క్రిసోటైల్‌ను నిషేధించినప్పుడు, 1973కు ముందు నాటి వాహనాల షూ లైనింగులకు కొంతకాలం మినహాయింపు ఇవ్వక తప్పలేదు, ఎందుకంటే ఆ బండ్ల డ్రమ్ములకు నమ్మదగిన ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉందని అధికారులకే నమ్మకం లేదు. ఐరోపా సమాఖ్య మొత్తానికి 2005 నుంచి నిషేధం వర్తించింది. అమెరికాలో పర్యావరణ సంస్థ 1989లో తెచ్చిన నిషేధంలో చాలా భాగాన్ని 1991లో కోర్టు కొట్టేసింది; విడిగా అమ్మే బ్రేకు లైనింగుల్లో క్రిసోటైల్ వాడకానికి అక్కడ చట్టపరంగా తెరపడింది 2024లో గాని కాదు. ఈలోగా ఫెరోడోను సొంతం చేసుకున్న ఫెడరల్-మోగల్ సంస్థ ఆస్బెస్టాస్ నష్టపరిహారపు దావాల భారంతో 2001లో దివాలా రక్షణ కోరింది.

ఆస్బెస్టాస్ స్థానంలో ఏ ఒక్క పదార్థమూ కూర్చోలేకపోయింది; ఒక నార చేసిన పనిని పది దినుసులు పంచుకోవలసి వచ్చింది. ఉక్కు నార, ఇనుప పొడి ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడికి బాగా తట్టుకుంటాయి గాని చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువ, పైగా వేడిని ప్యాడు వెనుక ఉన్న బ్రేకు నూనెకు చేరవేస్తాయి. డాట్ 3 రకం నూనె, తేమ చేరకముందు, 205 డిగ్రీల వరకైనా మరగకుండా ఉండాలి. పాతబడి తేమ పీల్చుకున్నాక ఆ హద్దు చాలా దిగజారుతుంది, మరిగిన నూనెలో బుడగలు లేస్తే పెడలు నేలకు తగులుతుంది. డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ 1965లో కనిపెట్టిన కెవ్లార్ వంటి అరామిడ్ నారలను, గాజు నారలను వాడే ఆర్గానిక్ రకం ప్యాడ్లు మెత్తనివి, చప్పుడు తక్కువ, ఆస్బెస్టాస్ స్వభావానికి కొంత దగ్గరివి. సిరామిక్ అని పెట్టె మీద రాసి అమ్మే ప్యాడ్లు చక్రాలకు నల్లటి దుమ్ము పట్టనివ్వవు. ఆ గుణం ఖరీదైన అల్లాయ్ చక్రాలున్నవారికి ఎంత ముఖ్యమో, 1960ల నాటి బండికి అంత అనవసరం.

నారలు పోగా మిగిలిన దినుసుల్లో తెలుగు పాఠకులకు పరిచయమైనవి ఒకటి రెండు ఉన్నాయి. ప్యాడుకు బరువూ నిలకడా ఇచ్చే పూరకాల్లో బెరైటు ప్రధానం. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటు నిక్షేపాల్లో ఒకటి కడప ప్రాంతపు మంగంపేటలో ఉంది, అయితే అక్కడ తవ్విన ఖనిజంలో అధిక భాగం చమురు బావుల తవ్వకానికే పోతుంది. అంతకంటే విచిత్రమైనది జీడిపెంకు నూనె. జీడిగింజ నుంచి పప్పు తీశాక మిగిలే పెంకులోని, చర్మానికి తగిలితే పొక్కులు లేపే ఈ ఘాటైన నూనెను గట్టిపరచి పొడి చేస్తే, అది లైనింగులో రాపిడిని నిలకడగా ఉంచుతుందనీ, కీచు చప్పుడును అణచివేస్తుందనీ 1920లలో మార్టిమర్ హార్వే అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త చూపాడు. పలాస వైపు జీడి బట్టీల దగ్గర గుట్టలుగా పడి ఉండే పెంకుకూ దేశాంతరాల కార్ల బ్రేకులకూ ఇలాంటి బంధుత్వం ఉందని ఎవరూ ఊహించరు.

ఇన్ని మిశ్రమాల్లో ఏది ఏ బండికి తగునో తేల్చడానికి రెండు కొలమానాలు ఏర్పడ్డాయి. పాత బండికి రెండూ సగం సాయమే చేస్తాయి. అమెరికా ఇంజనీర్ల సంఘం పద్ధతిలో ప్యాడు అంచున రెండు ఆంగ్లాక్షరాలు ముద్రిస్తారు: మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ గుణకాన్ని తెలుపుతుంది. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. 'ఎఫ్ఎఫ్' ముద్ర ఉన్న ప్యాడు వేడెక్కినా పట్టు జారదని, 'ఎఫ్ఈ' ఉన్నది జారుతుందని స్థూలంగా గ్రహించవచ్చు. కానీ ఈ అక్షరాలు అంగుళం చదరపు ముక్కను ప్రయోగశాలలో పరీక్షించి ఇచ్చినవి, 0.36, 0.44 రెండింటికీ ఒకే అక్షరం పడుతుంది, డ్రమ్ములో ఆ రెండింటికీ మధ్య తేడా చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1990లలో వచ్చిన 90వ నిబంధన ఇంతకంటే సమంజసమైనది: మార్పిడి ప్యాడు అదే వాహనంలో అసలు ప్యాడుతో పోలిస్తే 15 శాతానికి మించిన తేడా చూపకూడదంటుంది. అయితే పోల్చడానికి అసలు ప్యాడు ఉండాలి. ఆస్బెస్టాస్ కాలపు బండికి ఆ అసలుదే ఇప్పుడు లేదు, ఆ నిబంధన అలాంటి బండ్లను ఉద్దేశించిందీ కాదు.

కాబట్టి పాత బండ్ల విషయంలో నిర్ణయం తిరిగి పనివాడి అనుభవానికే వచ్చింది. ఎక్కువ పట్టు ఉన్నదే మంచి ప్యాడన్న సాధారణ నమ్మకాన్ని ఆ అనుభవం ఒప్పుకోదు. చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ లేని బండిలో వెనుక లైనింగు ముందు ప్యాడుకంటే గట్టిగా పడితే వెనుక చక్రాలు ముందే బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. అందుకే ముందు మెత్తటి ఆర్గానిక్ ప్యాడ్లు వేసినప్పుడు వెనుక కూడా అదే స్వభావమున్న లైనింగు వేయాలంటారు. భారతదేశంలో ఈ పని చాలాకాలం ప్యాడ్లతో కాక లైనింగులతోనే సాగింది. మొదట నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే వచ్చిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ కార్లకు షూను పారేయకుండా, అరిగిన లైనింగును విప్పి కొత్తది పెట్టి రాగి లేదా ఇత్తడి రివిట్లు కొట్టడం ప్రతి ఊరి మెకానిక్కుకూ తెలిసిన పని. బొంబాయిలో హిందుస్థాన్ ఫెరోడో, మద్రాసులో రాణే, సుందరం సంస్థలు చేసిన లైనింగులు ఈ మార్కెట్టు మీదే పెరిగాయి. డ్రమ్మును లేతు మీద చెక్కించి వ్యాసం పెంచినప్పుడు కొత్త లైనింగు వంపు డ్రమ్ము వంపుతో కలవదు; మంచి పనివాడు లైనింగును అరగదీసి ఆ వంపు కుదిర్చేవాడు, తొందరపడ్డవాడు వదిలేసేవాడు, ఆ బండి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి లైనింగు దానంతటదే కూర్చునేదాకా బ్రేకు సగమే పట్టేది.

మిశ్రమాలు మళ్లీ మారుతున్నాయి. ఆస్బెస్టాస్ పోయాక వేడిని లాగే పని చాలావరకు రాగి తీసుకుంది. ప్యాడు దుమ్ములోని ఆ రాగి వానకు కొట్టుకుపోయి చేపలకు హాని చేస్తోందని గుర్తించిన కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 2021 నుంచి రాగి 5 శాతానికి, 2025 నుంచి అర శాతానికి మించకూడదు. దీన్ని తెలపడానికి ప్యాడు అంచున 'ఏ', 'బీ', 'ఎన్' అనే మరో అక్షరం చేరింది. అమెరికా మార్కెట్టు పెద్దది కనుక తయారీదార్లు ఇతర దేశాలకు పంపే ప్యాడ్లలో కూడా మిశ్రమాన్ని మార్చుకుంటున్నారు. అదే భాగం సంఖ్యతో, అదే రంగు పెట్టెలో, పదేళ్ల కిందట కొన్న ప్యాడూ ఇప్పుడు కొన్న ప్యాడూ ఒకే దినుసులతో ఉన్నాయని చెప్పడానికి లేదు. పాత బండి ఇరుసుకు కుడి ఎడమల ప్యాడ్లను ఒకే పెట్టెలోంచి తీసి వేయమనడానికి ఇప్పుడు ఇదొక అదనపు కారణం.