గింజలతో వేసిన ఓటు – మసాచుసెట్స్ తొలి పల్లెల్లో ఊరి సభలు

మసాచుసెట్స్‌లో ఇల్లు కొనే మన తెలుగువాళ్ళు ముందుగా ఆరా తీసేవి రెండు – బడి ఎలాంటిది, ఆస్తి పన్ను ఎంత. మా ఊరు లాంటి చిన్న ఊళ్ళలో బడికిచ్చే డబ్బు, ఊరి ఖర్చు ఏటా వసంతంలో జరిగే టౌన్ మీటింగ్‌లో తేలతాయి. ఓటరుగా నమోదైన ఎవరైనా వెళ్ళి, మాట్లాడి, ఓటు వెయ్యవచ్చు. ఈ పద్ధతి దాదాపు నాలుగు వందల ఏళ్ళ క్రితం, రైతుల అవసరాల్లోంచి పుట్టింది.

డెడమ్ కథ

బాస్టన్‌కి నైరుతి దిక్కున ఉన్న డెడమ్‌నే తీసుకుందాం. 1636లో ఇంగ్లండు నుంచి వచ్చిన ప్యూరిటన్ కుటుంబాలు అక్కడ వ్యవసాయం మొదలుపెట్టాయి. వాళ్ళు ఊరికి పెట్టుకోవాలనుకున్న పేరు 'సంతృప్తి'. అందరూ సంతకాలు చేసిన ఒడంబడికలో ఇరుగుపొరుగు తగాదాలను మధ్యవర్తులతో తీర్చుకోవాలనీ, భూమి పొందినవాళ్ళు ఊరి ఖర్చులో తమ వాటా ఇవ్వాలనీ రాసుకున్నారు. పెళ్ళైనవాడికి ఇంటిస్థలంగా పన్నెండెకరాలు, ఒంటరివాడికి ఎనిమిది.

అదే ఏడాది వలస ప్రభుత్వం భూములు పంచుకునే, కట్టుబాట్లు చేసుకునే, ఉద్యోగులను ఎన్నుకునే అధికారం ఊళ్ళకే ఇచ్చింది. మొదట్లో డెడమ్‌లో ప్రతి పనికీ అందరూ సభ చేరేవారు. పొలం పనులు మానుకుని ఎన్నిసార్లని కూర్చుంటారు? 1639లో ఏడుగురిని ఎన్నుకుని రోజువారీ వ్యవహారాలు వాళ్ళకి అప్పగించారు. వీళ్ళే సెలెక్ట్‌మెన్, అంటే ఊరి పెద్దలు.

పెద్దలతో పాటు చిన్న పదవులూ ఉండేవి. రోడ్ల మరమ్మతు చూసేవాడొకడు. కంచెలు గట్టిగా ఉన్నాయో లేదో చూసేవాడొకడు. పందుల ముక్కుకి రింగు, మెడకి కొయ్య చట్రం వేశారో లేదో చూసేవాడు మరొకడు. పైరులో పడ్డ పశువులను తోలడానికి మన పల్లెల్లో లాగే బందెలదొడ్డి ఉండేది. కంచెలు చూసే పదవి మసాచుసెట్స్ చట్టంలో ఇప్పటికీ ఉంది.

1640ల మధ్యలో డెడమ్ సభ, పన్ను డబ్బుతో బడి నడపాలని తీర్మానించింది. అయ్యవారి జీతానికి ఏడాదికి 20 పౌన్లు. మనం బడి చూసి ఊరు ఎంచుకుంటున్నామంటే ఆ అలవాటుకి మూలం ఇలాంటి తీర్మానాల్లోనే ఉంది.

మొక్కజొన్న గింజ, చిక్కుడు గింజ

వలస రాజ్యానికంతటికీ జరిగే సహాయకుల ఎన్నికకు 1643లో ఒక తమాషా పద్ధతి పెట్టారు. అభ్యర్థి కావాలంటే మొక్కజొన్న గింజ, వద్దంటే చిక్కుడు గింజ వెయ్యాలి. ఒకటికి మించి వేస్తే 10 పౌన్ల జరిమానా. డెడమ్ అయ్యవారి ఆర్నెల్ల జీతమంత! దొంగ ఓటు భయం అప్పుడూ ఉందన్నమాట.

గడప బయటివాళ్ళు

ఇంతవరకే చెప్పి ఆపితే అది పొగడ్త అవుతుంది, చరిత్ర కాదు. 1631 నుంచి వలస రాజ్యపు ఎన్నికల్లో ఓటు చర్చి సభ్యులైన మగవాళ్ళకే. 1647లో మిగతా మగవాళ్ళలో కొందరికి ఊరి వ్యవహారాల్లో మాత్రం ఓటు దొరికింది. ఆడవాళ్ళకు లేదు. తమతో అభిప్రాయం కలవనివాళ్ళను ఊళ్ళోకి రానివ్వకూడదని డెడమ్ ఒడంబడికలోనే ఉంది.

ఆ నేల అసలు ఆదివాసులది. క్రైస్తవం పుచ్చుకున్న ఆదివాసులు 1651లో పక్కనే నేటిక్‌లో ఊరు కట్టుకుని, తమ నాయకులను తామే ఎన్నుకున్నారు. డెడమ్ వాళ్ళు ఆ భూమి కోసం దావా వేశారు. చివరికి నేటిక్ భూమిని ఆదివాసులకే ఉంచి, డెడమ్‌కి పరిహారంగా పడమట దూరంగా, ఇప్పటి డీర్‌ఫీల్డ్ దగ్గర, 8,000 ఎకరాలు ఇచ్చారు. అదీ మరో ఆదివాసి జాతి నేలే! 1675లో యుద్ధం రాగానే నేటిక్ వాళ్ళను ఒక చలి దీవికి తరలించారు. తిండి లేక ఎందరో చనిపోయారు.

ఆ గడప మెల్లగా తగ్గింది. మసాచుసెట్స్ ఆడవాళ్ళకు 1879లో బడి కమిటీ ఎన్నికల్లో, 1920లో అన్నింటిలో ఓటు వచ్చింది. భారతీయులు ఈ దేశ పౌరులు కాలేరని 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 1946 చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది.

పౌరసత్వం వచ్చినప్పటి నుంచి నేను మా ఊరి సభకు వెళుతున్నాను. వేలమంది ఓటర్లున్న ఊళ్ళో హాజరయ్యేది కొన్ని వందలమంది. ఏళ్ళ తరబడి వస్తున్న ముసలివాళ్ళు బడ్జెట్ పుస్తకంలో ప్రతి అంకె మీదా ప్రశ్న వేస్తారు. మన ముఖాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మన సంఘాల ఎన్నికలకు ఎంత హడావుడి చేస్తామో అందరికీ తెలిసిందే! అందులో పదో వంతు ఉత్సాహం మనం ఉంటున్న ఊరి మీద పెట్టినా చాలు. బడి మూతపడుతుందో, కొత్త గదులు కడతారో ఆ రాత్రి అక్కడున్నవాళ్ళే నిర్ణయిస్తారు. పౌరసత్వం ఇంకా రానివాళ్ళు కూడా మా సభలో కూర్చుని వినవచ్చు. పిల్లల్ని వెంట తీసుకువెళ్ళండి. ప్రజాస్వామ్యం గురించి ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చెప్పలేదు.