ఓరుగల్లులో రెండు రాళ్ళు: గ్రానైట్, డోలరైట్‌ల పుట్టుక, పేరు

సారాంశం: కాకతీయ శిల్పులు వాడిన గ్రానైట్, డోలరైట్ రెండూ అగ్నిశిలలే అయినా పుట్టుకలో వాటికి పొత్తు లేదు. పేర్లు మాత్రం రెండింటికీ కంటిచూపును బట్టే వచ్చాయి. పుట్టుకలోని తేడాను ‘నల్ల గ్రానైట్’ అన్న వ్యాపార నామం ఎలా చెరిపేస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. పుట్టుక

వరంగల్ కోటలోని ఏకశిల గుట్ట గ్రానైట్ బండ. దీని చుట్టూ పరుచుకున్న తూర్పు ధార్వాడ్ గ్రానైట్‌ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అంతకుముందే ఉన్న భూపటలం లోతుల్లో కరిగి, అక్కడే నిదానంగా చల్లారడంతో స్ఫటికాలకు పెరిగే వ్యవధి దొరికింది. అందుకే విరిగిన చెక్కలో గులాబీ ఫెల్‌స్పార్, గాజులా మెరిసే పలుగురాయి, నల్లటి అభ్రకం విడివిడిగా కనిపిస్తాయి. ఇందులో సిలికా 70 శాతం దాకా ఉంటుంది.

డోలరైట్ భూపటలానిది కాదు, దాని కిందున్న మాంటిల్‌ది. సిలికా సుమారు 50 శాతమే ఉండే ఆ పలుచటి ద్రవం గ్రానైట్ పగుళ్ళలోకి ఎగదన్నుకొచ్చి గోడల్లా గట్టిపడింది. వీటినే డైకులంటారు. ఈ ప్రాంతంలోని ప్రధాన డైకులు చాలావరకు 237 కోట్ల నుంచి 188 కోట్ల ఏళ్ళ మధ్యవి. అంటే గ్రానైట్ ఇల్లు, డోలరైట్ తర్వాత చొరబడిన చుట్టం. త్వరగా చల్లారినందువల్ల ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ ఖనిజాల రేణువులు సన్నగా, ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. అదే పరిమాణంలో ఉన్న గ్రానైట్ ముక్క కన్నా డోలరైట్ ముక్క చేతికి బరువుగా తగులుతుంది.

2. పేరు

‘గింజ’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఇటాలియన్ మీదుగా గ్రానైట్ పేరు వచ్చింది. కంటికి గింజలు కనిపించాయి, పేరు కుదిరింది. డోలరైట్‌కు మూలం ‘మోసగించేది’ అనే గ్రీకు మాట. చూపుకు డయోరైట్ అనే మరో అగ్నిశిలలా ఉండి తికమకపెట్టడమే అందుకు కారణం. ‘వేరుపరచడం’ అనే గ్రీకు మాట నుంచి డయోరైట్ పేరు పుట్టింది. డోలరైట్, డయోరైట్ పేర్లు రెండింటినీ 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రజ్ఞుడు ఆయీ పెట్టాడని చెబుతారు. వరంగల్ పాత పేర్లయిన ఓరుగల్లు, ఏకశిలానగరంలోనూ చూపుదే పెత్తనం. ‘ఒక్క రాయి’ అంటున్నాయే గానీ అదేం రాయో చెప్పవు.

3. శిల్పి చేతిలో

1163లో కట్టిన వేయిస్తంభాల గుడి ముందున్న నంది నల్లరాతిది (డోలరైట్‌కు వాడుకపేరు ఇదే). 1213 నాటి రామప్ప గుడిలో గోడలకు ఇసుకరాయి, దూలాలకూ స్తంభాలకూ గ్రానైట్, డోలరైట్ వాడారు. అక్కడి మదనికల (స్త్రీ శిల్పాల) నగల్లోని సన్నటి పూసలు నల్లరాతిలోనే నిలిచాయి. ముతక గింజల గ్రానైట్‌లో అంత చిన్న పూస చెక్కబోతే గింజే పెళ్ళగిలి వస్తుంది. శిల్పి ఆ రాయిని నలుపు చూసి మాత్రమే కాదు, రేణువు చూసి కూడా ఎంచుకున్నాడనిపిస్తుంది.

4. ముగింపు

అదే రాయి ఇవాళ ఒక పుస్తకంలో బసాల్ట్, మరోదానిలో డోలరైట్, క్వారీ బిల్లులో నల్ల గ్రానైట్. బసాల్ట్‌తో పొరపాటు కొంత క్షమార్హం: రెండూ ఒకే జాతి ద్రవం నుంచి పుట్టినవే, బసాల్ట్ నేల మీద చల్లారింది, డోలరైట్ నేల లోపల. ‘నల్ల గ్రానైట్’ మాత్రం రాయికి లేని వంశాన్ని అంటగడుతుంది. ఆ లెక్కన మన వాడుకలోని ‘నల్లరాయి’ నిజాయతీ గల మాట. కనిపించిన రంగు చెప్పి ఊరుకుంటుంది, కనిపించని పుట్టుక జోలికి పోదు. ఆలయ వివరపట్టికల్లో శాస్త్రనామంగా డోలరైట్‌నూ, వాడుకనామంగా నల్లరాయినీ పక్కపక్కన రాయడం సమంజసం.