కన్నా, కన్నమా? పైకప్పు కిటికీ కథ

స్కైలైట్‌ని తెలుగులో ఏమనాలి? అమ్మని అడిగాను. "పైకప్పు కిటికీ అను, అందరికీ అర్థమవుతుంది" అంది. అందుకని ఈ వ్యాసంలో ఆ మాటే వాడుతున్నాను.

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్తాను. మేము ఇంగ్లండ్‌లో ఒక పాత టెరస్ ఇంట్లో ఉంటున్నాం. టెరస్ ఇల్లంటే ఇక్కడ వరసగా, గోడకు గోడ ఆనించి కట్టిన ఇల్లు. రెండు పక్కలా కిటికీ పెట్టడానికి చోటు ఉండదు. మధ్యలో ఉన్న మెట్లు పగలు కూడా చీకటే. అమ్మ ఇప్పుడు మాతోనే ఉంటోంది. ఆవిడకి చూపు తగ్గింది, మెట్టు అంచు సరిగ్గా కనిపించదు. మెట్ల పైన కప్పులో కిటికీ పెట్టిద్దామన్నాను. అమ్మ వెంటనే, "ఇంటికి కన్నం పెడితే వాన రాదుట్రా?" అంది.

కన్నం అంటే రంధ్రం. కన్ను అంటే మీకు తెలుసు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే పైకప్పు కిటికీ చరిత్ర అంతా అందులోనే ఉందనిపించింది.

ముందు కన్ను సంగతి. కిటికీకి పుస్తకాల్లో కనిపించే ఇంకో మాట గవాక్షం. ఇది సంస్కృతం నుంచి వచ్చింది: 'గో' అంటే ఆవు, 'అక్షం' అంటే కన్ను. ఇంగ్లీషు 'విండో' పాత నార్స్ భాష నుంచి వచ్చింది. దాని అసలు అర్థం 'గాలి కన్ను'. రోమ్‌లోని పాంథియన్ గుడి గుమ్మటం నడిమధ్యన ఉన్న గుండ్రటి రంధ్రాన్ని 'ఆక్యులస్' అంటారు. లాటిన్‌లో అదీ కన్నే!

పాంథియన్ దాదాపు 1,900 ఏళ్ళ కిందటిది. ఆ కన్ను 8 మీటర్ల కంటే వెడల్పు. దానికి గాజు లేదు. ఎండా లోపలికి వస్తుంది, వానా వస్తుంది. అందుకే నేల కొద్దిగా వాలుగా ఉంటుంది, నీళ్ళు పోవడానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి.

ఇది చదివి అమ్మ, "ఓహో, మన మండువా లాగే!" అంది. కోనసీమలో అమ్మమ్మ వాళ్ళది మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న చోటు. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్ళు మధ్యలో పడి, తూములోంచి బయటికి పోతాయి. అక్కడ వానని ఆపాలని ఎవరూ అనుకోలేదు. దానికి దారి చూపించారు, అంతే.

మండువా లేని పెంకుటిళ్ళకి ఇంకో ఉపాయం ఉండేది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. ఆ రకం పెంకుల మధ్య అదే ఆకారంలో ఉన్న ఒక గాజు పెంకు పెడితే చాలు, చీకటి వంటింట్లో వెలుతురు పడుతుంది. వాన రాదు. నాకు తెలిసినంతలో అన్నిటికంటే సులువైన పైకప్పు కిటికీ ఇదే.

ఇంగ్లండ్‌లో మాత్రం వెలుతురుకి ఇంకో అడ్డు వచ్చింది: పన్ను. 1696లో కిటికీల మీద పన్ను వేశారు. ఎక్కువ కిటికీలు ఉన్న ఇంటికి ఎక్కువ పన్ను. పైకప్పు కిటికీలు కూడా లెక్కలోకి వచ్చాయి. దాంతో చాలామంది కిటికీలను ఇటుకలతో మూసేశారు. ఇక్కడి పాత వీధుల్లో అలా మూసిన కిటికీలు ఇప్పటికీ కనిపిస్తాయి. గాజు మీద వేరే పన్ను కూడా ఉండేది. చీకటి ఇళ్ళల్లో జనం జబ్బు పడుతున్నారని డాక్టర్లు గట్టిగా చెప్పారు. చివరికి గాజు పన్ను 1845లో, కిటికీ పన్ను 1851లో పోయాయి. అదే 1851లో లండన్ హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ తెరిచారు. దానికి దాదాపు 3 లక్షల గాజు పలకలు పట్టాయి.

పన్నులు ఉన్న రోజుల్లో కూడా డబ్బున్న చోట పైనుంచి వెలుతురు వచ్చింది. 1817లో లండన్‌లో డల్విచ్ పిక్చర్ గ్యాలరీ తెరిచారు. దాన్ని కట్టిన జాన్ సోన్ కప్పు మీద గాజు గూళ్ళు పెట్టాడు. వాటిని ఇంగ్లీషులో లాంతర్లు అంటారు! గోడలన్నీ బొమ్మలకి మిగిలాయి, వెలుతురు పైనుంచి దిగింది. అప్పుడు బొమ్మలకి దొరికిన వెలుతురు బీదవాళ్ళ మెట్లకి దొరకలేదు.

మామూలు ఇళ్ళకి ఈ సౌకర్యం బాగా ఆలస్యంగా వచ్చింది. 1940లలో డెన్మార్క్‌లో విల్లుమ్ కాన్ రాస్ముసెన్ అనే ఇంజనీరు వాలు కప్పుకి సరిపోయే కిటికీ తయారుచేశాడు. చీకటి అటకని గదిగా మార్చాలన్నది ఉద్దేశం. దాని పేరు వెలక్స్: వెంటిలేషన్ నుంచి 'వె', లాటిన్‌లో వెలుతురు అనే అర్థమున్న 'లక్స్'. గాలి, వెలుతురు రెండూ పేరులోనే ఉన్నాయి.

ఇక మా ఇంటి సంగతి. ఇంగ్లండ్‌లో కిటికీ కప్పు మీదకి 15 సెంటీమీటర్లకు మించి పొడుచుకు రాకపోతే, మామూలు ఇళ్ళకి చాలావరకు ప్లానింగ్ అనుమతి అడగక్కర్లేదు. చారిత్రక కట్టడాలకి రూల్స్ వేరు. వాసాలు కోయాలి కాబట్టి బిల్డింగ్ రూల్స్ మాత్రం పాటించాలి. దక్షిణం వాలు మీద పెడితే ఎండాకాలం వేడి ఎక్కువ. ఉత్తరం వాలు మీద వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుంది. మేము ఉత్తరమే అనుకున్నాం.

అమ్మ అడిగిన వానకి జవాబు గాజులో లేదు, గాజు చుట్టూ ఉంది. చట్రానికీ పెంకులకీ మధ్య ఫ్లాషింగ్ అనే లోహపు రేకు మడిచి వేస్తారు. చట్రం మీదకి వచ్చిన నీటిని అది పక్కలకి తిప్పి, కింది పెంకుల మీదకి వదులుతుంది. తూము చేసిన పనే ఇదీ చేస్తుంది. ఇది అమ్మకి బొమ్మ గీసి చూపించాను. కాసేపు చూసి, "అయితే తెరుచుకునేది పెట్టించు. వాన రాకపోయినా చప్పుడైనా వినపడాలి కదా" అంది.

మీ తాతగారి ఇంట్లో వెలుతురు ఎటునుంచి వచ్చేది? మీ పెద్దవాళ్ళని తెలుగులోనే అడగండి. వాళ్ళు చెప్పే మాటలు రాసుకోండి. మండువా, తూము, చూరు, వాసం, గాజు పెంకు: ఈ ఐదూ నాకు అలా అడిగితేనే దొరికాయి.