మెకాలే మినిట్: మూడో దారిని మూసిన తర్కం

'ఎడ్ హామినెమ్', 'స్ట్రా మేన్', 'ఫాల్స్ డైలెమా' - తర్కదోషాల ఇంగ్లీషు పేర్లు కంఠస్థం చేసే అలవాటు సాహిత్య విద్యార్థుల్లో బాగా ఉంది. పోటీ పరీక్షకూ పనికొస్తాయి, సభలో ప్రత్యర్థి మీద విసరడానికీ పనికొస్తాయి. అయితే పేరు తెలిసినంత మాత్రాన దోషం కంటికి ఆనదు. ఈ దేశంలో ఉన్నత విద్యకు ఇంగ్లీషును భాషగా నిలబెట్టిన పత్రాన్నే పరీక్షకు పెట్టి చూద్దాం.

1813 చార్టర్ చట్టం విద్య కోసం ఏటా లక్ష రూపాయలకు తగ్గకుండా కేటాయించమంది. ఆ డబ్బు సంస్కృత, అరబిక్ చదువులకా, ఇంగ్లీషుకా అన్న తగాదాలో 1835 ఫిబ్రవరి 2న మెకాలే తన మినిట్ రాశాడు. మార్చి 7న బెంటింక్ దానికి ఆమోదముద్ర వేశాడు.

మన విమర్శకులు చాలామంది మెకాలే వ్యక్తిత్వం దగ్గరే ఆగిపోతారు. సామ్రాజ్యవాది, సంస్కృతం రానివాడు అంటారు. రెండూ నిజమే, రెండోది ఆయనే ఒప్పుకున్నాడు. కాని వాదికి వేసిన శిక్ష వాదానికి జవాబు కాదు. అంతకన్నా అన్యాయం, అదే తేదీన ఆయన బ్రిటిష్ పార్లమెంటులో చేశాడంటూ చలామణీ అవుతున్న ఉపన్యాసం: దేశమంతా తిరిగాననీ, బిచ్చగాడు గాని దొంగ గాని కనబడలేదనీ. 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగిన మనిషి ఆ రోజున కలకత్తాలో ఉన్నాడు. ఆకలీ కులపీడనా లేని గతాన్ని కల్పించుకోవాలనుకునే వారికే ఈ దొంగ సాక్ష్యం కావాలి. మనకెందుకు?

మినిట్‌లో బలమైన భాగం లెక్కలు. ప్రభుత్వ కమిటీ గదుల్లో 23 వేల సంపుటాలు మూలుగుతున్నాయి. అరబిక్, సంస్కృత ముద్రణకు మూడేళ్లలో సుమారు 60 వేల రూపాయలు పోస్తే అమ్మకం వెయ్యికి అందలేదు. స్కూల్ బుక్ సొసైటీ మాత్రం ఏటా ఏడెనిమిది వేల ఇంగ్లీషు పుస్తకాలు అమ్మి 20 శాతం లాభం తీస్తోంది. అంకెలు సరే. కాని పాలకుడి భాషకు గిరాకీ పాలకుడి కొలువు వల్ల కూడా పుడుతుంది. 1844లో హార్డింజ్ ఇంగ్లీషు చదివినవారికే ఉద్యోగాల్లో ప్రాధాన్యమిచ్చి దాన్ని చట్రంలో బిగించాడు. గుమాస్తాగిరీ ఒక్కటే కారణమనడం కూడా తప్పే. 1823లోనే రామమోహన్ రాయ్ సంస్కృత కళాశాల వద్దు, ఆధునిక శాస్త్రాలు నేర్పండని ఆమ్‌హరెస్ట్‌కు రాశాడు.

అసలు మెలిక వేరే చోట ఉంది. జనం మాట్లాడే భాషల్లో సాహిత్యమూ లేదు, శాస్త్రమూ లేదు, ఈ విషయంలో ఇరుపక్షాలకూ పేచీ లేదు అని మెకాలే ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆ తర్వాత మిగిలినవి రెండే దారులు. వాటిలో ఇంగ్లీషు గెలవడం ఏమంత కష్టం! కమిటీలో కొట్టుకునే రెండు వర్గాలు ఒక మాట మీద కలిస్తే అది రుజువైపోతుందా? బ్రౌన్ 1829లోనే వేమనను ఇంగ్లీషు అనువాదంతో సహా మద్రాసులో అచ్చువేశాడు. నేపాల్‌లో కంపెనీ రెసిడెంటు హాడ్జ్‌సన్ దేశభాషల్లోనే చదువు చెప్పాలని వాదించి, తన లేఖలను 1837లో పుస్తకంగా తెచ్చాడు. అంటే మూడో దారి ఆనాటి తెల్లదొరలకు సైతం ఊహకందని సంగతి కాదు.

దీన్ని ఇంగ్లీషులో 'ఫాల్స్ డైలెమా' అంటారు. ఆంధ్రుడని ప్రతీతి గల అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో చెప్పిన అయిదు హేత్వాభాసాల్లో 'అసిద్ధం' ఇంకా లోతుకు పోతుంది: నిలబెట్టిన హేతువే నిరూపణ కానిది. ఆ మాట మెకాలే పనికిరావన్న చదువుల్లోదే.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్నీ ఇంజనీరింగునూ ఉర్దూలో బోధించింది. దేశభాషకు శాస్త్రం పలకదన్న మాట అక్కడ కూలింది. కాని నిజాం ప్రజల్లో అత్యధికుల భాష ఉర్దూ కాదు. ఇంగ్లీషా, ఉర్దూనా అన్న ప్రశ్న మధ్య తెలుగు పిల్లవాడు ఉన్నత విద్య గుమ్మం బయటే నిలబడ్డాడు.