పద్యనాటక నటుని తొలి అడుగు: వీపనగండ్ల ప్రాంతం నుంచి ఒక పరిశీలన

కీలకపదాలు: పద్యనాటకం, రంగప్రవేశం, హార్మోనియం, సురభి, స్థానం నరసింహారావు, బళ్ళారి రాఘవ.

1. ప్రవేశిక

తెలుగు నాటకచరిత్ర ప్రధానంగా నాటకకర్తల చరిత్రగా, ప్రసిద్ధనటుల చరిత్రగా సాగింది. కొత్త నటుడు రంగస్థలానికి ఎలా వచ్చాడు, మొదట ఏమి నేర్చుకొన్నాడు అన్న ప్రశ్నలకు అందులో దక్కిన చోటు తక్కువ. ఈ ప్రశ్నలు వేసుకోవడానికి వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల తగిన స్థలం. ఒకవైపు వనపర్తి, మరొకవైపు కొల్లాపురం కేంద్రంగా సాగిన జటప్రోలు సంస్థానం దీనికి ఇరుగుపొరుగు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను సందర్శించినవారు. వారి పాండవోద్యోగ, విజయ నాటకాల పద్యాలు చదువురాని శ్రోతల నోటా నిలిచాయి. ఆస్థానపండితుడు మెచ్చిన పద్యవిద్య పల్లెనటుని గొంతుకు చేరిన తీరును పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

2. రంగప్రవేశానికి మూడు దారులు

మొదటిది కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో వనారస గోవిందరావు ఆరంభించిన సమాజంలో పిల్లలు నాటకాల నడుమనే పెరిగారు. స్త్రీపాత్రలను ఆ కుటుంబాల స్త్రీలే ధరించారు.

రెండవది గురువు. బళ్ళారిలో సరసవినోదినీ సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల వద్ద ఆయన మేనల్లుడు రాఘవ నటనకు ఓనమాలు దిద్దాడు.

మూడవది అవకాశం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోగా స్థానం నరసింహారావు ఆ పాత్ర ధరించాడు. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. దీన్ని కేవలం అదృష్టమనలేం. అప్పటికప్పుడు పద్యంతో నిలబడాలంటే అది ముందే చెవికెక్కి ఉండాలి. ఈ మూడు దారులకూ వినికిడే పునాది.

3. పల్లెలో శిక్షణ

పల్లెల్లో ఈ వినికిడికి ఆధారం హార్మోనియం మాస్టారు. సేద్యపు పనులు తగ్గిన రోజుల్లో, రాత్రివేళల్లో ఆయన నాటకం నేర్పుతాడు. గొంతును బట్టి శ్రుతి, శ్రుతిని బట్టి తరచు పాత్ర నిర్ణయమవుతాయి. చదువురానివాడు పద్యాన్ని పాదం పాదంగా విని పట్టుకొంటాడు.

ఇక్కడే అసలు చిక్కు. ఉత్పలమాలకు 10వ, చంపకమాలకు 11వ, శార్దూలానికి 13వ, మత్తేభానికి 14వ అక్షరం యతిస్థానం. తెలుగులో యతి అక్షరమైత్రి నియమమే గాని విరామ నియమం కాదు. యతి వద్దనో, పాదాంతంలోనో అలవాటుగా ఊపిరి తీసే కొత్తనటుడు సమాసాన్ని విరిచి అర్థాన్ని చెడగొడతాడు. అనుభవమున్న మాస్టారు అన్వయాన్ని బట్టి ఆపడం నేర్పుతాడు. వ్యాకరణం చెప్పకుండానే ఆయన చేసేది పదవిభాగమే.

4. రాగమా, భావమా?

మితిమీరిన రాగాలాపన నటనను మింగుతుందన్నది రాఘవ అభిప్రాయం. వన్స్‌మోర్ కోరే ప్రేక్షకుడు మాత్రం గొంతుకే పట్టం కట్టాడు. ఫలితంగా భావం తెలిసినా గొంతులేనివాడు చిన్న పాత్రలకు పరిమితమయ్యాడు. అయితే రాగాన్ని దోషంగా మాత్రమే చూడరాదు. మైకులేని కాలంలో చివరి వరుసకు మాట చేర్చినదీ, చదువురాని నటునికి పద్యాన్ని గుర్తుంచినదీ రాగమే.

5. ముగింపు

నాటకప్రతులు అచ్చులో భద్రంగా ఉన్నాయి. ఏ పాదంలో ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఎత్తి పలకాలో ఆ ప్రతుల్లో లేదు. అది మాస్టారుతోనే పోతుంది. సంస్థానాల సాహిత్యసేవను గ్రంథస్థం చేసిన మన పరిశోధన, అదే నేలమీది హార్మోనియం గురువుల బోధనను ధ్వనిముద్రణలుగా భద్రపరచవలసి ఉంది. తరగతిలో పద్యం చదివించే అధ్యాపకునికీ ఆ బోధన పాఠమవుతుంది.