మంచె మీద మేలుకున్నవాళ్లు

మొన్న ఆదివారం పొద్దున్న చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంటే మా అప్ప కూతురు అమెరికా నుంచి వీడియో కాల్ చేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటుంది తను. భార్యాభర్తలిద్దరూ ఒక కొండెక్కి, శిఖరం మీద చిన్న గదిలో ఒక రాత్రి పడుకుని వచ్చారట. ఎత్తుగా కర్ర స్తంభాల మీద నిలబెట్టిన గది. నాలుగు వైపులా గోడలకి బదులు అద్దాలే. కరెంటు లేదు, కుళాయి లేదు. తాగే నీళ్లు కూడా వీపున మోసుకెళ్లాలి.

"ఒకప్పుడు అడవిలో నిప్పు రేగితే చూసి కబురు చెప్పడానికి ఇందులో ఒక మనిషి ఉండేవారు పిన్నీ. ఇప్పుడు ఆ పని లేదు కదా, ఇలా అద్దెకిస్తున్నారు" అంది.

పక్కనున్న మా అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఇది మంచె కాదేటే?" అంది. అందరం నవ్వేశాం. పనయ్యాక ఆలోచిస్తే, అమ్మ చెప్పిందే సరైన మాట అనిపించింది.

ఆ మంచెల కథ కొంచెం చదివాను. 1910 ఆగస్టులో అమెరికాలోని ఐడహో, మోంటానా అడవులకి నిప్పంటుకుంది. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. మంటలార్పడానికి వెళ్లినవాళ్లే 70 మందికి పైగా చనిపోయారు. నిప్పు చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టాలని అప్పుడు గట్టిగా తెలిసొచ్చి, కొండకొండకీ కాపలా గదులు కట్టడం మొదలుపెట్టారు. తర్వాతి ముప్పై ఏళ్లలో అవి వేలల్లోకి చేరాయి.

గది మధ్యలో గుండ్రటి బల్ల, దాని మీద ఆ చుట్టుపక్కల పటం. పొగ కనిపించిన వైపు గురి చూసి, అది ఏ దిక్కులో ఉందో టెలిఫోనులో చెప్పాలి. ఇంకో కొండ మీద మనిషి కూడా తనకి కనిపించిన దిక్కు చెబుతాడు. ఆ రెండు గీతలూ కలిసినచోటే నిప్పు. పిడుగులు పడే వేళ కాళ్లకి గాజు బుడిపెలు తొడిగిన పీట మీద నిలబడి మాట్లాడాలట. నిప్పు పుట్టించేదీ పిడుగే, కాపలా మనిషిని భయపెట్టేదీ పిడుగే.

ఇందులో నాకు నచ్చిన మనిషి హేలీ డాగెట్. 1913లో కాలిఫోర్నియాలోని క్లామత్ అడవుల్లో ఒక కొండ మీద కాపలాకి చేరింది. అమెరికా అటవీ శాఖ ఆ పనికి పెట్టుకున్న మొదటి ఆడమనిషి ఆమే. నాలుగు రోజులకే భయపడి దిగిపోతుందని కొందరు మగవాళ్లు అనుకున్నారట. మొదటి వేసవిలోనే 40 మంటల దాకా కనిపెట్టి కబురిచ్చింది. పదేళ్లకి పైగా అదే కొండ మీద పనిచేసింది. సరుకులు మోసుకొచ్చి ఇచ్చింది ఆమె చెల్లెలు.

మన వైపు కొండ మీద ఇలా మేలుకునే కొలువు ఏదైనా ఉండేదా అని ఆలోచిస్తే చింతపల్లి గుర్తొచ్చింది. మన విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో శాంతపిల్లి అని ఉంటుంది. 1847లో అక్కడ చిన్న కొండ మీద దీపస్తంభం కట్టారు. ఒడ్డుకి ఆరేడు మైళ్ల దూరంలో సముద్రంలో రాళ్లున్నాయి. భీమునిపట్నం రేవుకి వచ్చే ఓడలు ఆ రాళ్లకి తగలకుండా ఈ దీపం దారి చూపేది. 14 మైళ్ల దూరానికి దాని వెలుగు కనిపించేదని రాశారు. ఆ రోజుల్లో మీట నొక్కితే వెలిగే దీపాలు కావు. ఎవరో ఒకరు మేలుకుని చూసుకోవాలి. నేను చదివినచోట దీపం సంగతి ఉంది, రాళ్ల సంగతి ఉంది, మైళ్ల లెక్కా ఉంది. మేలుకున్న మనిషి మాత్రం లేడు. ఆ మనిషికి వేళకింత వండి పెట్టినవాళ్ల ఊసు అసలే లేదు.

ఆ సాయంత్రం అమ్మకి హేలీ సంగతి చెప్పాను. విని ఊరుకుంటుందనుకున్నాను. "మాయమ్మ కూడా అలాగే కాసింది. ఎవలూ రాయనేదు" అంది.

మా అమ్మమ్మ గారిది మందస దగ్గర, మహేంద్రగిరి వైపు. కొండ వారన జీడితోట. ఫాల్గుణం దాటిందంటే పిక్కలు రాలడం మొదలు. తోటలో మంచె వేసి రాత్రీ పగలూ కాపలా ఉండేవారు. కొండ మీద పోడుకి పెట్టిన నిప్పో, ఇప్పపూలు ఏరుకోవడానికి ఆకులకి పెట్టిన నిప్పో ఒక్కోసారి గాలికి కిందికి దిగేది. జీడాకు ఎండితే ఎలా మండుతుందో ఆ వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఏడు అలాగే నిప్పు దిగితే, మా తాత ఊరిని లేపి తోటని కాపాడాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. పెళ్లిళ్లలో, పండగల్లో మామయ్యలు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

"మీ తాత ఆ రాత్రి ఊర్లో పెళ్లికెల్లిపోనాడు" అంది అమ్మ. "మంచె మీద నానూ మాయమ్మే ఉన్నాం. నాకు తొమ్మిదేళ్లు."

పొగ వాసన ముందు అమ్మమ్మకే తెలిసిందట. కొండ అంచున ఎర్రగా గీతలా కనిపించిందట. అమ్మని భుజాన వేసుకుని దిగి, అన్నం తెచ్చుకున్న కంచు పళ్లెం రాయితో వాయిస్తూ ఊరి వైపు పరిగెత్తింది. మగవాళ్లు పచ్చి కొమ్మలు విరుచుకుని వచ్చేసరికి నిప్పు తోట గట్టుదాకా వచ్చింది. కానీ గట్టు దాటలేదు. ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే అమ్మమ్మ గట్టు వెంబడి నాలుగు బారల వెడల్పున ఎండాకులు ఊడ్చేసింది. అటవీ శాఖవాళ్లు నిప్పు పాకకుండా అడవిలో చేసే ఖాళీ బాట కూడా ఇదే. అమ్మమ్మకి అదేం తెలుసు? వాకిలి ఊడ్చినట్టే ఊడ్చింది.

"మరి ఇన్నాళ్లూ తాత కథలాగే చెప్పుకున్నారేమే?" అన్నాను.

"ఆ మర్నాడు మీ తాత వచ్చి అందరికీ అలాగే సెప్పినాడు. మాయమ్మ అడ్డు సెప్పనేదు. తోట మిగిలింది, ఇంకేటి కావాలి అంది."

నాకు తాత మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఎక్కువ కోపం నా మీదే వచ్చింది. తెలుగు బి.ఏ.లో గాథాసప్తశతి గురించి చదివినప్పుడు, చేలకి కాపలా కాసే ఆడపిల్లలు అందులో ఉన్నారని తెలిసి ఎంతో ముచ్చటపడ్డాను. రెండు వేల ఏళ్ల నాటి ఆ పిల్లల గురించి పరీక్షలో రెండు పేజీలు రాశాను. సెలవులకి అమ్మమ్మ ఊరెళ్లి, ఆవిడ పక్కనే పడుకుని కూడా, ఏ రాత్రీ ఆవిడ మంచె గురించి అడగలేదు.

ఇప్పుడు అడవిలో నిప్పుని ఉపగ్రహాలు కనిపెడుతున్నాయి. మన దేశంలో అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఆ కబురు రాష్ట్రాలకి పంపుతోంది. మనిషి కాపలా తగ్గిపోయింది కాబట్టే ఆ అద్దాల గదుల్లో పిల్లలు నిశ్చింతగా ఒక రాత్రి పడుకుని రాగలుగుతున్నారు. మంచిదే. ఒకప్పుడు ఆ గది నిద్రపోవడానికి కట్టింది కాదని మా పిల్లకి తెలుసు, అది చాలు.

రాత్రి దానికి ఫోన్ చేసి అమ్మమ్మ కథ మొత్తం చెప్పాను. పెద్ద మామయ్యకీ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "గట్టు ఎవరు ఊడ్చారో నేనెప్పుడూ ఆలోచించలేదే" అన్నాడు.

సంక్రాంతికి అందరం కలుస్తాం. ఆ కథ మళ్లీ వస్తుంది. ఈసారి అమ్మ చెబుతుంది.